లారీలో వచ్చిన విమానం

మా ఊరికి విమానం లారీలో వచ్చింది. పైన నీలం పట్టా కప్పి, తాళ్లతో బిగించి, ముందొక జీపు వెనకొక జీపు పెట్టుకుని, మా గుంతల రోడ్డు మీద చూలావు నడిచినంత నెమ్మదిగా వచ్చింది. ఎగిరే బండిని రోడ్డు మీద ఎందుకు తెస్తున్నారని ఎవరూ అడగలేదు. మామూలుగా అయితే అలాంటివి అడిగే పని ఊళ్లో నాది. ఆ రోజు మాత్రం నాకు నోరు రాలేదు. లారీ వెళ్లి ఆగిన చోటు మా బస్సు తిరిగే చోటు. ఆ చోటు పోయినందుకు మా అవ్వ అప్పటికే మణికట్టు విరగ్గొట్టుకుని, చేతికి పిండికట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది.

నాకు కోపం వస్తే జోకులు వస్తాయి. ఇంట్లో దీన్ని జబ్బు అంటారు. కాబట్టి కింద రాసినదాంట్లో ఎక్కడైనా నవ్వొస్తే నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నేను మాత్రం పళ్లు కొరుక్కుంటూ రాస్తున్నాను.

మా ఊరు కాణిపాకానికి దగ్గరే. మెయిన్ రోడ్డు మీంచి లోపలికి ఒక చీలిక రోడ్డు, దాని చివర మేము. మాకున్నది ఒక్కటే బస్సు. తెల్లారేసరికి చిత్తూరు నుంచి వచ్చి, ఊరి ముందర ఉన్న బయలులో ఎండిపోయిన బోరింగు పంపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మళ్లీ మెయిన్ రోడ్డెక్కి కాణిపాకం పోయేది. నేను చిత్తూరులో ఒక జిరాక్సు షాపులో పనిచేస్తాను, ఆ బస్సు లేకపోయినా నాకు బైకుంది. అవ్వకి లేదు.

అవ్వంటే మా అమ్మను కన్న అవ్వ. కాణిపాకంలో దేవుడికి గరిక మాలలు, తెల్ల జిల్లేడు మాలలు అమ్ముతుంది. సాయంత్రం మడి గట్ల మీద గరిక కోసుకొచ్చి, తడిగుడ్డలో చుట్టి, మాలలు కట్టి, పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కుతుంది. గుడి వీధిలో చెప్పుల స్టాండు పక్కన ఆమెకొక తావుంది. నేను పుట్టకముందు నుంచీ అక్కడే కూర్చుంటోంది. దానికి పట్టా లేదు, కాగితం లేదు. మాలలు అమ్మే ఆడవాళ్ల మధ్య ఒక కట్టుబాటు మాత్రం ఉంది. పొద్దున వీధి ఊడ్చేవాళ్ల పని అయ్యేలోపల గోనెపట్టా పరుచుకుంటే తావు నీది. ఊడ్చడం అయిపోయాక ఖాళీగా కనిపిస్తే, ఎవరు పరుచుకుంటే వాళ్లది. ఆ రోజుకే కాదు, వాళ్లు వదిలేదాకా వాళ్లది. జ్వరం వచ్చినా, వాన పడినా అవ్వ ఆ బస్సు వదలకపోవడానికి కారణం భక్తి అని యాత్రికులు అనుకునేవాళ్లు. కారణం ఆ చీపుర్లు.

ఇక విమానం సంగతి. ఒక రోజు కంపెనీ తరఫున మా వయసు కుర్రాడొకడు తెల్ల బూట్లు వేసుకుని మా ఊరికొచ్చాడు. బడి వరండాలో మీటింగు. తిరుపతి నుంచి కాణిపాకానికి కరెంటు టాక్సీ, గాల్లో. డ్రైవరుండడు. ఫోన్లో నొక్కితే వస్తుంది, ఎక్కితే దానంతట అదే ఎగురుతుంది, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల దించేస్తుంది. గోపురం దగ్గర ఎగరడం బాగుండదు కాబట్టి మా ఊరి బయలులో దిగుతుంది. ఇక్కణ్నుంచి భక్తుల్ని బ్యాటరీ ఆటోల్లో గుడికి తీసుకెళతారు.

"ఏ రోడ్డు మీద అన్నా?" అన్నాను.

"రోడ్డు మా స్కోప్‌లోకి రాదు బ్రదర్" అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న అవ్వ చెయ్యెత్తింది. "డ్రైవరు లేడంటివి గదా నాయనా, మరి ఆపమని ఎవురికి చెప్పేది?"

"ఆపక్కర్లేదవ్వా. ఎక్కడికి పోవాలో దానికి ముందే తెలుసు."

"దానికి తెలుసు సరే. దోవలో చెయ్యెత్తినోళ్ల సంగతేంది?"

వరండా అంతా నవ్వింది. తెల్ల బూట్ల అతనూ నవ్వాడు. మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్న ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదని నాకు ఆ రోజే తెలిసింది.

బయలు పంచాయతీది. తీర్మానం ఎప్పుడయిందో, ఎవరు చేతులెత్తారో మాకు తెలియదు. ఊరికి ఉద్యోగాలొస్తాయన్నారు. ఉద్యోగాలన్న మాట బహువచనంలో అన్నారు గానీ వచ్చింది ఒకటే, వాచ్‌మన్ ఉద్యోగం. అది మా మామకి దొరికింది. అంటే అవ్వ కొడుక్కే. అప్పటిదాకా ఇటుకల బట్టీలో పనిచేసి వీపు వంగిపోయిన మనిషి నీలం యూనిఫాం, టోపీ, మెడలో విజిలు వేసుకునేసరికి ఒక్కసారి నిటారుగా అయిపోయాడు. కాణిపాకం వీధిలో అవ్వ గొప్పలు చెప్పింది. "నా కొడుకు విమానానికి కావిలి" అని. విమానం ఇంకా లేదు కదా అంటే, "వొచ్చేలోపల కావిలి నేర్చుకోవల్ల గదా" అనేది.

మిషన్లొచ్చాయి. బోరింగు పంపు పీకేశారు. మా మండలంలో ఎక్కడా లేనంత నున్నగా సిమెంటు పోసి, పెద్ద గుండ్రం తీర్చి, మధ్యలో తెల్లరంగుతో ఒక ఇంగ్లీషు అక్షరం రాశారు. చుట్టూ ఇనప కంచె, గేటు, గేటుకి తాళం, స్తంభానికి కెమెరా. ఊళ్లో వాళ్లకి అది చూడగానే ఒకటే తోచింది, చెనిక్కాయలు ఎండబోసుకునే కళ్లం. రెండు మూటలు మోసుకెళ్లిన వాళ్లని మామ విజిలేసి తరిమాడు. కోళ్లని కూడా తరిమాడు. కోళ్లు మాత్రం అతని మాట వినలేదు.

కంచె వేసిన మర్నాడు బస్సొచ్చింది. డ్రైవరు గేటు దగ్గర ఆపి, దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తిప్పుకునే తావు యాడప్పా?" అన్నాడు మామతో.

"ఈడ విమానం దిగతాదన్నా."

"ఎప్పుడు?"

"దిగినప్పుడు."

డ్రైవరు మళ్లీ బస్సెక్కాడు. కండక్టరు వెనక నడుస్తూ విజిలేస్తుంటే, ఆ గుంతల్లో, రెండు పక్కలా వేపచెట్ల కొమ్మలు అద్దాలకి తగులుతుంటే, మెయిన్ రోడ్డు దాకా రివర్సులో పోయాడు. లోపల కూర్చున్న వాళ్లందరూ ఎటు పోతున్నామో తెలియక వెనక్కి చూస్తూ పోయారు. మర్నాటి నుంచి బస్సు లోపలికి రావడం మానేసింది. అందులో తప్పేముంది? మెయిన్ రోడ్డు మీదే ఆగి, హారన్ కొట్టి, పోతుంది. లోపలికి రాకపోవడం వల్ల మునుపటికంటే ముందే పోతుంది కూడా. అంటే అవ్వ ఎక్కువ దూరం నడిచి, ముందుగా పోయే బస్సుని అందుకోవాలి. ఈ లెక్క ఎవరూ కూర్చుని వేసింది కాదు, దానంతట అదే పడింది. డ్రైవరు లేకుండా నడిచేవి మా ఊళ్లో అప్పటికే ఉన్నాయన్నమాట.

నేను బైకు మీద దింపుతానన్నాను. అవ్వ పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్లో గంప, గంప మీద ఒక చెయ్యి, నా భుజం మీద ఒక చెయ్యి. కొన్నాళ్లు బాగానే జరిగింది. "రోంత నిదానంగా పోరా, నేనేం విమానం కాదు" అని సాధించేది. ఒక పొద్దున, కాంక్రీటు లారీలు తిరిగి తిరిగి పెద్దదైన గుంతలో వెనక చక్రం దిగింది. ఒక చేత్తో నన్ను పట్టుకుని ఉంటే పడేది కాదు. గరిక జారిపోతుందని రెండు చేతులతో గంపని పట్టుకుంది. కాబట్టి గంపకేమీ కాలేదు.

ఆ రోజు ఊడ్చేవాళ్ల పని అయిపోయింది. మర్నాడూ అయిపోయింది. తావు ఖాళీగా ఉంది. నేతి దీపాలు అమ్మే ఒకావిడ గోనెపట్టా పరుచుకుంది. కట్టుబాటు ప్రకారం ఆమె తప్పేమీ లేదు. ఎవరి తప్పూ లేకుండా ఎంత చక్కగా జరిగిపోయిందో చూడండి. పంచాయతీ స్థలం పంచాయతీ ఇచ్చింది, బస్సు తిరగలేక తిరగలేదు, గుంత గుంతలాగే ఉంది, ఖాళీ తావులో ఖాళీగా ఉన్నావిడ కూర్చుంది. అవ్వ చెయ్యి ఒక్కటే తప్పుడు చోట ఉన్నట్టుంది.

నేను తిరుపతి వెళ్లాను. బైపాస్ పక్కన ఒక స్వీట్ల షాపు మీద కంపెనీ ఆఫీసు. చల్లగా ఉంది. గోడ నిండా ఒక బొమ్మ: పచ్చటి కొండల మీద తెల్లటి టాక్సీ ఎగురుతోంది, లోపల ఒక జంట నవ్వుతోంది. కింద కొండలే, ఒక్క బస్సు లేదు, ఒక్క మనిషి లేడు. తెల్ల బూట్ల అతను నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి సంగతి చెబితే నిజంగానే బాధపడ్డాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. దుర్మార్గుడైతే తిట్టి వచ్చేసేవాణ్ని.

"టెంపరరీ బ్రో. సర్వీసు మొదలైతే మీ అవ్వని ఫస్ట్ ప్యాసింజర్‌గా ఎక్కిద్దాం. ఫ్రీగా. వీడియో తీద్దాం."

"గంపని ఎక్కనిస్తారా?"

"లగేజీకి వెయిట్ లిమిట్ ఉంటుంది."

"తడి గరిక కదా, కొంచెం బరువే" అన్నాను. అతను సీరియస్‌గా ఫోన్లో రాసుకున్నాడు. నేను ఇంకొక్క నిమిషం అక్కడుంటే ఆ గోడ మీది జంటని కిందికి దించేసేవాణ్ని.

ఆ తర్వాతే లారీలో విమానం వచ్చింది, ఎగిరి చూపించడానికి. మామ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. లారీ లోపలికి పోయి, బండిని దించి, ఆ గుండ్రం మీదే ఒక్క ఊపులో తిరిగి బయటికొచ్చింది. బస్సుకంటే పొడుగు లారీ. నేను కంచెకి అతుక్కుని చూశాను. నా పక్కన ఊరంతా విమానాన్ని చూస్తోంది. నేను టైర్లని చూస్తున్నాను.

కొత్త బండి వస్తే మా వైపు పూజ చేయకుండా స్టార్టు చేయరు. సైకిలైనా, ట్రాక్టరైనా, జేసీబీ అయినా. కంపెనీ వాళ్లకీ అది నచ్చింది, వీడియోకి బాగుంటుందన్నారు. మా ఊరి పూజారి పళ్లెంతో వచ్చి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి, "ముందర ఏది?" అన్నాడు. ఎటు చూసినా ఒకేలా ఉంది. తెల్ల బూట్ల అతను గెస్టులకి కుర్చీలు వేయిస్తూ, "ఏ సైడైనా ఓకే స్వామీ" అన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. చక్రాలు లేవు, కింద రెండు పొడుగాటి కడ్డీలు ఉన్నాయి. వాటి కిందే పెట్టారు. హెడ్‌లైట్లకి బొట్లు పెట్టాలి. హెడ్‌లైట్లు లేవు గానీ చుట్టూతా అది దోవ చూసుకునే నల్లటి గాజు కళ్లు చాలా ఉన్నాయి. పూజారి ఓపికున్న మనిషి. ఒక్కటి కూడా వదల్లేదు. గంధం చిక్కగా రాసి, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ. తర్వాత మాల. మామ అవ్వకే చెప్పాడు ఆ మాల. చెయ్యి కట్టులో ఉంది కాబట్టి పక్కింటి ఆడవాళ్లు కడుతుంటే అవ్వ కూర్చుని ఒక్కో ముడికీ వాళ్లని తిట్టి, ఏనుగుకి వేసేంత గరిక మాల చేయించింది. అది నుదుటి మీద వేశారు, అంటే నుదురు అని అందరూ ఒప్పుకున్న చోట.

కొబ్బరికాయ కొట్టారు. బటన్ నొక్కారు. రెక్కలు తిరగలేదు. లోపలి నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మర్యాదగా ఏదో చెప్పింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే మర్యాద.

"ఏమంటాదిరా?" అన్నాడు మామ నా చెవిలో.

"కండ్లు కనిపించడం లేదంట."

"అయ్యో, దిష్టి తగిలిండాదేమో!"

"లేదు మామా. తగలకుండా చేసినందుకే."

గుడ్డ పెట్టి తుడిచారు. గంధం ఎండలో అప్పటికే ఆరి అతుక్కుపోయింది, పసుపు ఇంకా పాకింది. ఎవరో కొబ్బరినీళ్లు పోయమన్నారు. ఎవరో నిజంగానే పోశారు. తెల్ల బూట్ల అతను చొక్కా అంచుతో ఒక్కొక్క కన్నూ తుడుస్తుంటే, బండి మాత్రం విసుగు లేకుండా అదే మాట చెబుతోంది. మాట వినని కోళ్లు గుండ్రం మధ్యలోకి వచ్చి నిమ్మకాయల్ని పొడిచి చూస్తున్నాయి. గెస్టుగా వచ్చిన పెద్దమనిషి వాచీ చూసుకుని లేచాడు. ఆయన కారు మా రోడ్డు మీద అడుగు రాసుకుంటూ పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఊరంతా నవ్వింది. నేను ఇలాంటి రోజు కోసమే పుట్టానన్నట్టు అందరూ నా వైపు చూశారు, ఏదైనా అంటానని. నేను గేటు తాళం వైపు చూస్తున్నాను. అది ఎగిరుంటే నా కోపం తగ్గేదా? ఎగిరినా మా ఊరి మనిషి ఒక్కరూ అందులో ఉండరు. ఎగరకపోయినా గేటుకి తాళం పడుతుంది. పడింది. మర్నాడు లారీ మళ్లీ వచ్చి, మళ్లీ ఒక్క ఊపులో తిరిగి, విమానాన్ని ఎక్కించుకుని పోయింది. మామ ఖాళీ గుండ్రానికి కాపలా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నేనే కదిపాను.

"లారీ తిరిగింది గదా మామా. బస్సు తిరగదా?"

"అది కంపెనీ లారీరా."

"నేలకి తెలుసునా, ఎవురి లారీనో?"

"కెమెరా ఉండాదిరా. వాళ్లు తిరపతిలో కూసోని సూస్తాంటారు. ఈ వయసులో నన్ను మళ్లీ బట్టీకి పొమ్మంటావా?"

"సూడనీ. ఇన్నాళ్లూ కోళ్లను సూసినారు, ఒక బస్సును సూడలేరా?"

"నువ్వు గమ్మునుండరా" అంది అవ్వ నన్ను. మామ వైపు తిరిగి, "నేనేమన్నా అడిగినానా నిన్ను? నీ గేటు నువ్వు ఏసుకో నాయనా. మంచి ఉద్యోగం. నాకు కాళ్లున్నాయి" అంది.

అవ్వ తిట్టి ఉంటే మామ ఆ రాత్రి నిద్రపోయేవాడు.

కట్టు ఇంకా విప్పలేదు, పోయిన తావు కోసం అవ్వ నడక మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు కట్టిన మాలల గంప ఒంటి చేత్తో పట్టుకుని, వెలుతురు రాకముందే బయల్దేరి, గేటు ముందునుంచే మెయిన్ రోడ్డుకి పోయేది. నా బైకు ఎక్కనంది, గంపకి మంచిది కాదట. ఆమె పోతున్నప్పుడల్లా మామ కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఆమె అతనివైపు చూసేది కాదు. యూనిఫాంలో ఉన్న మనిషి, తల్లి పోయేదాకా నిలబడి, తర్వాత కూర్చునేవాడు. నేను వెనక బైకు తోసుకుంటూ ఇదంతా చూసేవాణ్ని. గేటు లోపల ఆ సిమెంటు, మంచుకి తడిసి నున్నగా, ఎవరికీ పనికిరాకుండా మెరుస్తుండేది.

చివరికి నేను బస్సు డ్రైవర్ని పట్టుకున్నాను. "గేటు తెరిసుంటే వస్తావా అన్నా?"

"తెరిసుంటే వస్తా. వచ్చినాక మూసుంటే రివర్సు నీతోనే చేయిస్తా."

మామకి ఆ మాట మాత్రమే చెప్పాను.

మర్నాడు పొద్దున, నా మాట మీద, బస్సు హారన్ కొట్టుకుంటూ లోపలికొచ్చింది. అవ్వ అప్పుడే గేటు దాటబోతోంది. మామ లేచాడు. టోపీ సర్దుకున్నాడు. తాళం తీశాడు. రెండు రెక్కలూ తెరిచి, విజిలు నోట్లో పెట్టుకుని, విమానానికి చేద్దామని నేర్చుకున్న చేతి సైగలన్నీ బస్సుకి చేశాడు. బస్సు గుండ్రం మీద ఒక్క ఊపులో తిరిగింది. తెల్ల అక్షరం మీద ఎర్రమట్టి టైర్ల జాడలు పడ్డాయి. అవ్వ ఎక్కింది. కిటికీలోంచి తల బయట పెట్టి, ఇన్నాళ్లకి కొడుకుని చూసి అరిచింది: "ఆ టోపీ తిన్నగా పెట్టుకోరా!"

బస్సు పోయీ పోకముందే మామ ఫోను మోగింది.

"సార్... బస్సు సార్... తిరిగింది సార్... పొయ్యింది సార్."

అంతకంటే వివరంగా రిపోర్టు ఏ వాచ్‌మనూ ఇచ్చి ఉండడు. వారం తిరక్కముందే మామని తీసేశారు. యూనిఫాం తిరిగి అడిగారు. అత్త ఉతికి, ఇస్త్రీ చేయించి ఇచ్చింది. నేను తెల్ల బూట్ల అతనికి ఫోన్ చేసి అనాల్సినవన్నీ అన్నాను. విన్నాడు. "నా చేతుల్లో లేదు బ్రో" అన్నాడు. ఎవరి చేతుల్లోనూ లేనిది నడుపుతున్న కంపెనీ కదా, నమ్మాను.

మావాళ్లతో పెట్టుకోకూడదని, మెయిన్ రోడ్డు అవతలి ఊరినుంచి కొత్త వాచ్‌మన్‌ని తెచ్చారు. ఖచ్చితమైన మనిషట. ఆ ఖచ్చితమైన మనిషి డ్యూటీకి రావాలంటే మా బస్సే దిక్కు. మొదటి రోజే డ్రైవరు తేల్చి చెప్పాడు: గేటు తీస్తే గేటు దగ్గర దించుతా, తీయకపోతే మెయిన్ రోడ్డులో దిగి నడిచిరా. రెండు రోజులు నడిచాడు. మూడో రోజు నుంచి తాళంచెవి చేతిలో పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడి వస్తున్నాడు. తిరుపతిలో కూర్చుని చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. ఇతన్నీ తీసేయాలంటే విమానంలో డ్యూటీకి వచ్చే వాచ్‌మన్ దొరకాలి.

అవ్వ తావు సగమే తిరిగొచ్చింది. నేతి దీపాలావిడ జరగనంది, అవ్వ లేవనంది, ఇప్పుడు ఒకే గోనెపట్టా మీద ఇద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చుని రోజంతా తిట్టుకుంటారు. యాత్రికులు అక్కచెల్లెళ్లనుకుంటున్నారు. కట్టు విప్పినా ఆ చెయ్యి మునుపటిలా తిరగదు. ముడి వేసేటప్పుడు పళ్లతో లాగుతుంది.

మామ మళ్లీ ఇటుకల బట్టీకి పోతున్నాడు, అదే బస్సులో. గేట్లోంచి బయటికి తిరిగేటప్పుడు వెనక భాగం స్తంభానికి తగిలేలా ఉంటుంది. డ్రైవరు "సూసుకోండప్పా" అంటాడు. కొత్త వాచ్‌మన్ గేటు పట్టుకుని నిలబడి ఉంటాడు, అతనికి బస్సుకి దారి చెప్పడం తెలియదు. మామ సీట్లోంచి లేచి, కిటికీలోంచి తల బయట పెట్టి, "రానీ, రానీ, రోంత కుడికి, రానీ" అంటాడు.

జీతం లేకుండా.